తేదీలు తేలేదాకా వడ్డీ లెక్క ఆపాం

భీమవరం చుట్టుపక్కల చెరువులున్న మా మేత దుకాణం ఖాతాదారులకు నమస్కారం. ఖాతా చీటీలు ఇంకా రాలేదేమని చాలామంది అడుగుతున్నారు. పాత పద్దులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం గానీ తేదీలు దారికి రాలేదు. తేదీ తేలందే వడ్డీ లెక్క ఎలా కడతాం?

పద్దు పుస్తకం నలుగురైదుగురి చేతుల మీదుగా నడిచింది. ఒకరు 3.4.25 అని, ఒకరు 03/04/2025 అని, మా పెద్ద గుమాస్తాగారు ౩-౪-౨౫ అని రాశారు. ఇలాంటివాటిని ఒక తీరుకు తేవడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే పద్ధతి ఉంది. ‘ముందు ఒకటో రెండో అంకెలు, తర్వాత చుక్కో గీతో, మళ్ళీ ఒకటో రెండో అంకెలు, మళ్ళీ చుక్కో గీతో, చివర రెండో నాలుగో అంకెలు’ అని ఆనవాలు చెబితే చాలు, అలా ఉన్న ప్రతి ముక్కనూ పట్టి రోజు, నెల, సంవత్సరం విడదీసి ఇస్తుంది. దీన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాయించడం వల్ల గుమాస్తాగారి తెలుగు అంకెలూ చిక్కాయి. జావాస్క్రిప్ట్ అనే మరో భాషలో అయితే ‘ఇక్కడ అంకె’ అని చెప్పే గుర్తు 0 నుంచి 9 వరకే పట్టుకుంటుంది.

ఆనవాలు కుదిరితే ఫిబ్రవరి 31ని కూడా అది నిక్షేపంగా దాటించేస్తుంది. అందుకే అలాంటి రోజు ఉందో లేదో చూసే తనిఖీ విడిగా పెట్టించాం. ‘భోగి ముందు రోజు, మేత బస్తాలు’ వంటి పద్దులు చేత్తో దిద్దవలసిందే. 2024లో భోగి జనవరి 14, 2025లో జనవరి 13.

అసలు తలనొప్పి వేరే ఉంది. కొన్ని పద్దులు నెల ముందు, రోజు తర్వాత ఉండే అమెరికా పద్ధతి తేదీలున్న ఎక్సెల్ గుండా వచ్చాయి. అక్కడ 25-04-2025 అని కొడితే తేదీగా మారక అక్షరాలుగానే ఉండిపోతుంది. అది నయం, కంటికి కనబడుతుంది. 03-04-2025 అని కొడితే మాత్రం చడీచప్పుడూ లేకుండా మార్చి 4 అయిపోతుంది. ఏప్రిల్ 3కీ దానికీ తేడా 30 రోజులు, అంటే నెల వడ్డీ! ఎంత తెలివిగా ఆనవాలు రాసినా ఈ చిక్కు విడదు.

అటువంటి పద్దుల పక్కన ప్రశ్నార్థకం పెట్టాం. మీ దగ్గరున్న బస్తాల చీటీ ఫోటో తీసి పంపండి. చీటీ లేకపోతే రెండు తేదీల్లో తర్వాతిదే, అంటే మీకు వడ్డీ తక్కువ పడేదే ఖాయం చేస్తాం. మా బావమరిదికి ఇది రుచించలేదు, అయినా మాట మాటే. ఇకపై ఫోనులో మేత చెప్పేటప్పుడు నెలను అక్షరాల్లో రాయండి. ఖాతా తేలలేదని ఎవరికీ సరుకు ఆపం.