చవితి వెళ్ళగానే బయలుదేరి రండి

మాసచూసెట్స్,
2025 అక్టోబరు 26.

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము నలుగురం క్షేమంగా ఉన్నాము. అక్కడ మీరు, అమ్మ, బాబాయి వాళ్ళు అందరూ క్షేమమని తలుస్తున్నాను.

అమెరికా రావడమంటూ జరిగితే అందరిలాగే మే నెలలో వచ్చి, ఎండలు తగ్గాక తిరిగి వెళ్ళిపోతామని మొన్న ఫోనులో అన్నారు. ఒంగోలు ఎండలు తప్పించుకోవడానికి అది మంచి ఆలోచనే అయినా, నా మనవి వేరుగా ఉంది. మీరిద్దరూ వచ్చే ఏడు వినాయక చవితి పూజ ఇంట్లోనే చేసుకుని, సెప్టెంబరు మూడో వారానికల్లా ఇక్కడికి చేరుకోవాలి. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో ఫోనులో చెప్పబోతే మాట మధ్యలో తెగిపోతోంది కనుక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

ఎండాకాలంలో వచ్చిన తల్లిదండ్రులు నయాగరా జలపాతం, న్యూయార్కు మేడలు, గుడి, పెద్ద పెద్ద దుకాణాలు చూసి వెళతారు. అవి మీరూ చూడవచ్చు. కానీ జీవితమంతా పొలంలో గడిపిన మనిషి ఇంత దూరం వచ్చి ఇక్కడి రైతును చూడకుండా, అతని పశువు మీద చెయ్యి వేయకుండా వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. మామూలు రోజుల్లో ఆ అవకాశం దొరకదు. కారులో పోతూ దూరంగా పచ్చిక, ఎర్రటి కొట్టాలు చూడడమే. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు నడుమ దాకా మాత్రం న్యూ ఇంగ్లండు అని పిలిచే ఈ ఈశాన్య రాష్ట్రాలలో ఊరూరా వ్యవసాయ సంఘాలు ఫెయిర్లు, అంటే పశువుల, పంటల ప్రదర్శనలు జరుపుతాయి. అప్పుడు రైతులు తమ పశువులను, పంటలను, పిల్లలను వెంటబెట్టుకుని అందరి ముందుకూ వస్తారు. మా ఇంటి పిల్లలు ఏడాదంతా ఎదురుచూసేది ఈ కాలం కోసమే.

మీకు అన్నిటికన్నా ముందు చూపించాలనుకుంటున్నది మెయిన్ రాష్ట్రంలో, న్యూ హాంప్‌షైర్ సరిహద్దున ఉన్న ఫ్రైబర్గ్ ఫెయిర్. 1851లో మొదలైన ఈ ఫెయిర్ అక్టోబరు మొదటి వారంలో జరుగుతుంది. అక్కడ ఎడ్ల చేత బరువు లాగించే పోటీలు పెడతారు. మన సంక్రాంతి బండలాగుడు పోటీలు చూసినవారెవరికీ అక్కడ ఒక్క మాట కూడా వివరించి చెప్పనక్కరలేదు. రాతి బండకు బదులు అడుగున చదునుగా ఉండే ఒక బల్ల వంటి దాని మీద కాంక్రీటు దిమ్మెలు పేర్చి, దానికి గొలుసు తగిలించి లాగిస్తారు. మనవాళ్ళు పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని వయస్సును బట్టి విభాగాలు చేస్తే, వీరు జతను కాటా మీద నిలిపి బరువును బట్టి విభాగాలు చేస్తారు. కొన్ని పోటీలలో ఇచ్చిన నిమిషాలలో ఎంత దూరం లాగాయో అడుగులలో కొలుస్తారు. మరికొన్నింటిలో ఆరడుగులు కదిలిస్తే చాలు కానీ, ప్రతి విడతకూ దిమ్మెలు పెంచుతూ పోయి, చివరికి కదిలించగలిగిన జతకు బహుమతి ఇస్తారు.

మీ కళ్ళు ముందుగా కాడి మీదకే పోతాయని నాకు తెలుసు. ఇక్కడి ఎడ్లకు మూపురం ఉండదు. బరువైన చెక్క కాడిని మెడల మీద పెట్టి, వంచిన కర్రను ఒక్కొక్క ఎద్దు కంఠం కింద నుంచి తిప్పి కాడిలోకి దూర్చి బిగిస్తారు. ముకుతాడు ఉండదు. తోలేవాడు పక్కన నడుస్తూ, చేతిలోని సన్నని కర్రతో తాకుతూ, కుడికి ‘జీ’ అని, ఎడమకు ‘హా’ అని, ఆగడానికి ‘వో’ అని పలికితే అవి వింటాయి. డెవన్ అనే ఎర్రజాతి పశువులను మీరు తప్పక చూడాలి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వలస వచ్చినవారు వెంట తెచ్చుకున్న జాతి అది. ట్రాక్టర్లు వచ్చి తరాలు గడిచినా, పొలంలో నిజంగా అవసరం లేకపోయినా, ఇక్కడి కొన్ని కుటుంబాలు ఎడ్లను వదలలేదు. మీరూ, బాబాయీ ఎందుకు వదలలేదో వారూ అందుకే వదలలేదని నేను నమ్ముతున్నాను. మన ఒంగోలు రక్తం అమెరికాకు రాకపోలేదు; ఇక్కడి బ్రాహ్మన్ అనే పశుజాతిని తయారు చేయడంలో మన పశువులకూ వాటా ఉంది. అయితే అవి టెక్సాస్ వంటి వేడి ప్రాంతాలలో పెరుగుతాయి గాని, ఈ చలిలో కనిపించవు.

అంతకన్నా నా మనసును పట్టుకున్నది పిల్లల పోటీలు. ‘ఫోర్ హెచ్’ అని బడి పిల్లల సంఘాలు ఉన్నాయి. 1902లో ఒహాయో రాష్ట్రంలో ఒక బడి పెద్ద మొదలుపెట్టిన చిన్న క్లబ్బు నుంచి పెరిగి ఇవి దేశమంతా వ్యాపించాయి. వీటిలో చేరిన పిల్లలు ఒక దూడనో, గొర్రెనో, కోడినో, కుందేలునో తామే సాకి, దాని మేత లెక్కలు వ్రాసుకుని, ఫెయిర్‌కు తీసుకువస్తారు. పాడి పశువుల పోటీనాడు తెల్లని బట్టలు వేసుకుని పెయ్యలను నడిపిస్తూ గుండ్రంగా తిరుగుతారు. న్యాయనిర్ణేత ప్రతి పిల్లనూ ఆపి ప్రశ్నలడిగి, చివర మైకులో ఎవరిని ఎందుకు ముందు నిలిపిందీ, ఎవరిని ఎందుకు వెనక నిలిపిందీ అందరికీ వినిపించేలా చెబుతారు. పశువు గొప్పతనం ఒక పోటీ, దానిని పట్టి నడిపించిన పిల్ల నేర్పు మరొక పోటీ. మొదటి బహుమతికి నీలి రిబ్బను, రెండోదానికి ఎరుపు, మూడోదానికి తెలుపు. చిన్న కోడెదూడల జతకు చిన్న కాడి కట్టి బండి తోలే పిల్లలు కూడా ఉన్నారు. ఇది చూసినప్పటి నుంచి మీ మనవడు, తాతయ్య ఎడ్లయితే ఏ బరువు విభాగంలోకి వస్తాయని అడుగుతున్నాడు.

మా ఇంటికి దగ్గరలో, బోస్టన్‌కు ఉత్తరాన ఉన్న టాప్స్‌ఫీల్డ్ ఫెయిర్‌కు ఏటా తప్పకుండా వెళతాము. 1818లో స్థాపించిన ఎసెక్స్ వ్యవసాయ సంఘం దీనిని నడుపుతోంది. ఈ ఫెయిర్లన్నిటికీ మూలపురుషుడిగా చెప్పుకునే ఎల్కనా వాట్సన్ కూడా ఈ రాష్ట్రంలోనే తన పని మొదలుపెట్టాడు. 1807లో పిట్స్‌ఫీల్డ్ ఊరి మధ్య చెట్టు కింద రెండు మెరీనో గొర్రెలను కట్టి నిలబెడితే, వాటి ఉన్ని చూడడానికి చుట్టుపక్కల రైతులు మూగారట. రెండు గొర్రెలకే ఇంతమంది వస్తే, రైతులందరూ తమ మంచి పశువులను తెచ్చి ఒకచోట నిలిపితే ఎలా ఉంటుందన్నది అతని ఆలోచన. మేలైన విత్తనం, మేలైన జాతి పక్కవాడికి చూపించి నేర్పడానికి పుట్టినవి ఇవి. రంగులరాట్నాలు, మిఠాయి కొట్లు ఆ తర్వాత వచ్చి చేరాయి. ఇప్పటికీ పశువుల కొట్టాలు నిండుగా ఉన్న ఫెయిరే నా దృష్టిలో ఫెయిర్.

టాప్స్‌ఫీల్డ్‌లో మొదటి రోజున పెద్ద గుమ్మడికాయలను తూచే పోటీ ఉంటుంది. ఒక్కొక్క కాయను పట్టీలు వేసి యంత్రంతో ఎత్తి కాటా మీద దించుతుంటే వందలమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. 2012లో రోడ్ ఐలండు నుంచి వచ్చిన రాన్ వాలెస్ తెచ్చిన కాయ 2,009 పౌండ్లు, అంటే 911 కిలోలు తూగింది. ఇక్కడి లెక్కలో ఒక టన్ను దాటిన మొట్టమొదటి గుమ్మడికాయ ప్రపంచంలో అదే. తీగకు ఒక్క కాయనే ఉంచి, మిగిలిన పిందెలు తుంచివేసి, ఎండ తగలకుండా గుడ్డ కప్పి, రోజూ చుట్టుకొలత తీసుకుంటూ పెంచుతారు. బాగా పెరిగే రోజుల్లో అది రోజుకు పదిహేను ఇరవై కిలోలు బరువెక్కుతుంది. ఈ కాయ తినడానికి రుచిగా ఉండదు. అయినా గింజల వంశవృక్షం వ్రాసిపెట్టుకుని, మంచి గింజను తోటి రైతులకు పంచే వారి శ్రద్ధ చూస్తే మీకు గౌరవం కలుగుతుంది.

కూరగాయల పందిరిలో ఇంకొక రకం నేర్పు కనిపిస్తుంది. అక్కడ పరిమాణం కాదు, ఒకే తీరుగా ఉండడం ముఖ్యం. కాగితపు పళ్ళెంలో పెట్టిన కొద్దిపాటి క్యారెట్లూ ఒక్క పొడవు, ఒక్క రంగు, ఒక్క లావు ఉండాలి. పక్కనే సీసాలలో పెట్టిన ఊరగాయలు, తేనె, అల్లికలు, ముక్కలు కుట్టిన దుప్పట్లు వరుసగా ఉంటాయి. అమ్మ పుట్టినింటి వైపు నరసాపురం లేసు ఎంత ప్రసిద్ధమో ఇక్కడెవరికీ తెలియదు. కనుక అమ్మ అల్లిన క్రోషే గుడ్డ ఒకటి పెట్టెలో వేసుకు రమ్మనండి. నియమాలు చదివి, వీలుంటే అమ్మ పేరు మీదే పోటీకి ఇస్తాను. న్యాయనిర్ణేతలు కుట్టు వెనుక వైపు తిప్పి చూస్తారని కూడా చెప్పండి.

సెప్టెంబరు నడుమ నుంచి పదిహేడు రోజులు వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే ‘బిగ్ ఈ’ అన్నిటికన్నా పెద్దది. 2019లో అక్కడికి పదహారు లక్షలకు పైగా జనం వచ్చారు. న్యూ ఇంగ్లండులోని ఆరు రాష్ట్రాలూ అక్కడ ఒకే వీధిలో తమ తమ శాసనసభ భవనాల నమూనాలో ఇళ్ళు కట్టుకున్నాయి. ఆ ఇళ్ళు నిలిచిన నేల కూడా ఆయా రాష్ట్రాల సొంతం. మెయిన్ వారి ఇంట్లో కాల్చిన బంగాళాదుంప, వెర్మాంట్ వారి ఇంట్లో మేపుల్ చెట్టు పాకం దొరుకుతాయి కనుక అమ్మకు తిండి ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నానికల్లా తోపులాట ఎక్కువవుతుంది. మనం పొద్దున్నే వెళ్ళి, పశువుల కొట్టాలు, పాత ఊరి ఇళ్ళు చూసుకుని తిరిగి వచ్చేద్దాము.

మీకు నచ్చని సంగతులు కూడా ముందే చెప్పాలి. పిల్లలు ముద్దుగా పెంచిన కొన్ని పశువులను చివరి రోజుల్లో మాంసానికి వేలం వేస్తారు. డబ్బు పిల్లల చదువుకే పోతుందని చెబుతారు గాని, ఆ వేలానికి నేను ఇంతవరకు మన పిల్లలను తీసుకువెళ్ళలేదు, మిమ్మల్నీ తీసుకువెళ్ళను. ఆటలరాట్నాల వైపు చప్పుడు, ఖర్చు రెండూ ఎక్కువే. నూనెలో వేయించిన తీపి పిండివంటలు ఎక్కడ చూసినా ఉంటాయి. మీ షుగరుకు అవి పనికిరావు.

ఫెయిర్లు లేని రోజుల్లో తోటలకు వెళదాము. యాపిల్ తోటల యజమానులు సంచీ చేతికిచ్చి మనల్నే కోసుకోమంటారు. గడ్డి మోపులు పరిచిన ట్రాక్టరు బండిలో తోటలోకి తీసుకువెళతారు. మొక్కజొన్న చేలో దారులు కోసి పిల్లలకు ఆటగా వదులుతారు. కేప్ కాడ్ దారిలో వేర్‌హామ్ చుట్టుపక్కల క్రాన్‌బెర్రీ మడులు ఉన్నాయి. కోతకు ముందు మడికి నీరు పెట్టి, యంత్రంతో తీగలను కదిలిస్తే, లోపల గాలి అరలు ఉండే ఆ కాయలు ఊడి పైకి తేలుతాయి. మడి అంతా ఎర్రబడి కనిపిస్తుంది. నీటిని తూము తీసి వదలడం, గట్టు కాపాడుకోవడం మీకు తెలిసిన పనే కనుక, అక్కడ రైతుతో మాట్లాడాలని మీకే అనిపిస్తుంది. నేను దుబాసీగా ఉంటాను. ఆ కాయలతో ఇక్కడి తెలుగు ఇళ్ళలో పప్పు, పచ్చడి చేస్తాము. గోంగూర దొరకని వారాల్లో మీ మనవరాలు అదే చాలునంటుంది.

వచ్చే ఏడు చవితి సెప్టెంబరు 14న పడింది. ఆ వారాంతంలోగా ఇక్కడికి చేరితే బిగ్ ఈ, ఫ్రైబర్గ్, టాప్స్‌ఫీల్డ్ మూడూ వరుసగా చూడవచ్చు. అక్టోబరులో ఉత్తరాన కొండలమీద మేపుల్ ఆకులు ఎర్రబడతాయి కనుక ఫ్రైబర్గ్ దారి ప్రయాణమే ఒక ఉత్సవంగా ఉంటుంది. దసరా మన ఇంట్లోనే చేసుకుందాము; వరంగల్ నుంచి వచ్చిన మా పక్కింటివారు ఇక్కడ దొరికే బంతి, చేమంతులతోనే బతుకమ్మను పేరుస్తారు, అమ్మకు తోడు దొరుకుతుంది.

పొద్దుటి పూట చలి ఎక్కువగా ఉంటుంది కనుక రెండు స్వెట్టర్లు, చెవులకు మఫ్లరు, నడవడానికి బూట్లు తప్పక తెచ్చుకోండి. కొట్టాల దగ్గర నేల తడిగా ఉంటుంది, చెప్పులతో నడవలేరు. మీ మోకాలు సంగతి డాక్టరు గారిని అడిగి, ఒక పూటకు ఎంత దూరం నడవవచ్చునో నాకు వ్రాయండి. దానిని బట్టి మనం ఆగే చోట్లు నిర్ణయిస్తాను. ఎడ్లను ఆ రెండు నెలలు బాబాయి చూసుకుంటానంటే సరే, లేకపోతే ఎవరిని పెట్టాలో ఇప్పుడే మాట్లాడండి. మీ మనవడి కోసం, మన జత కిందటి సంక్రాంతి పోటీలలో ఏ విభాగంలో దిగి ఎన్ని అడుగులు లాగిందో అడిగి తెలుసుకుని ఉత్తరంలో వ్రాయండి. విమానం టిక్కెట్లు ఫిబ్రవరిలో కొంటాను కనుక, సంక్రాంతి వెళ్ళేలోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.

అమ్మకు, బాబాయికి, పిన్నికి నా నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ కుమార్తె