గడ్డ సంగతి వేరు, నీరసం సంగతి వేరు

చిన్నీ,

నువ్వు వరసగా పంపిన మెసేజీలన్నీ చదివాను. "గడ్డ పెరిగిందంటున్నావు, ఇంకా ఎందుకమ్మా ఆలస్యం, తీయించేసుకో" అన్నది నీ మాట. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సగంలో ఏడుపందుకుంటావు, మీ నాన్న పక్కనుంచి ఇంకో మాట కలుపుతారు, చివరికి అసలు సంగతి ఎవరికీ ఎక్కదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. చదివాక కోప్పడాలనిపిస్తే కోప్పడు.

నాకున్నవి రెండు. మెడలో థైరాయిడ్ గడ్డ ఒకటి, ఒంట్లో ఐరన్ లేకపోవడం రెండోది. అందరి భయమూ మొదటిదాని మీదే. నా రోజుని తినేస్తున్నది మాత్రం రెండోది. గడ్డ ఎలా ఉందని ఇంటిల్లిపాదీ అడుగుతారు, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ ఎంతకొచ్చిందని ఒక్కరూ అడగరు!

ముందు గడ్డ సంగతే చెబుతాను, లేకపోతే నువ్వు మిగతాది చదవవు. పెరిగిన మాట నిజం. కిందటేడు స్కాన్‌లో 2.1, 1.6, 1.4 సెంటీమీటర్లు. ఈసారి 2.6, 1.9, 1.7. చూడ్డానికి అర సెంటీమీటరే కదా అనిపిస్తుంది. కానీ మూడు కొలతల్నీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణిస్తే గడ్డ మొత్తం పరిమాణం తెలుస్తుంది. ఆ లెక్కన 2.4 మిల్లీలీటర్లున్నది దాదాపు 4.4 అయింది. కనీసం రెండు కొలతలు 20 శాతం చొప్పున, 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరిగినా, లేదా మొత్తం పరిమాణం 50 శాతం దాటి పెరిగినా అది నిజంగా పెరిగినట్టు లెక్కట. అంతకన్నా తక్కువ తేడా స్కాన్ చేసే చెయ్యి మారినా వచ్చేస్తుంది. నాది ఆ గీత దాటింది. కాబట్టి "ఏం లేదులే" అని నిన్ను బుజ్జగించడానికి రాస్తున్న ఉత్తరం కాదిది.

అయితే పెరగడం వేరు, చెడ్డది కావడం వేరు. మామూలు గడ్డలు కూడా ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. థైరాయిడ్ గడ్డల్లో నూటికి తొంభై దాకా క్యాన్సర్ కానివే. డాక్టర్ పరిమాణం కంటే ముందు గడ్డ తీరు చూశారు. లోపల ఘనంగా ఉందా, నీరుందా? అంచులు నున్నగా ఉన్నాయా, చిందరవందరగా ఉన్నాయా? వెడల్పు కంటే లోతు ఎక్కువుందా? లోపల సున్నపు చుక్కలేమైనా మెరుస్తున్నాయా? వీటన్నిటికీ మార్కులు వేసి, ఒకటి నుంచి ఐదు దాకా తరగతి ఇస్తారు. దాన్నే టైరాడ్స్ అంటారు. నాది మూడు, అంటే అనుమానం తక్కువగా ఉన్న రకం. ఆ తరగతి గడ్డకి 2.5 సెంటీమీటర్లు వస్తేనే సూది పరీక్ష చేస్తారు. అదే ఐదో తరగతైతే ఒక సెంటీమీటరుకే చేసేస్తారు. కిందటేడు "సూది కూడా వెయ్యకుండా పంపించేశారేంటి" అని నువ్వు మండిపడ్డావు చూడు, కారణం అది. ఈసారి 2.6 వచ్చింది కాబట్టి వేశారు.

ఆ పరీక్ష గురించి నువ్వు ఎక్కడెక్కడో చదివి నాకంటే ఎక్కువ బెదిరిపోయావు. జరిగింది ఇంతే. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. మెడ మీద చల్లటి జెల్ రాసి, ఒక చేత్తో స్కాన్ పరికరం ఆనించి, తెర మీద గడ్డని చూస్తూ ఇంకో చేత్తో సూది దించారు. రక్తం తీసే సూది కన్నా సన్నగానే ఉంది. "ఇప్పుడు గుటక వెయ్యకండమ్మా" అన్నారు. అంతే, పుట్టి బుద్ధెరిగాక రానంత ఉమ్మి అప్పుడే ఊరింది నాకు. సూదిని కాస్త ముందుకీ వెనక్కీ కదుపుతారు, అప్పుడు చెవి వైపు ఓ లాగుడు లాగినట్టుంటుంది. తీసినదాన్ని గాజు పలకల మీద పూసి పంపించారు. సాయంత్రానికి మెడ మీద చిన్న కమిలిన మచ్చ తప్ప ఇంకేం లేదు. మీ నాన్న మాత్రం ఆ రోజంతా నన్ను గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. ఆ సుఖం ఎందుకు కాదనాలి, నేనూ ఎత్తలేదు.

రిపోర్టులో బెథెస్డా 2 అని వచ్చింది. ఆరు తరగతుల్లో రెండోది, అంటే క్యాన్సర్ కణాలు కనబడలేదని. ఈ మాట తప్పయ్యే అవకాశం అసలు లేదని కాదు, నూటికి మూడు నాలుగు ఉంటుందట. ఆ కాస్త కోసమే మళ్లీ స్కాన్‌కి రమ్మంటారు. మొదటి తరగతి వస్తే కణాలు సరిపోలేదని మళ్లీ సూది వేస్తారు, మూడూ నాలుగూ వస్తే ఎటూ తేలక నలిగిపోవాలి. ఆ తలనొప్పి నాకు తప్పింది. చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఏమైనా ఇచ్చారా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అని మొదటి రోజే అడిగారు. రెండూ లేవు. నిన్నెవరైనా డాక్టర్ అడిగితే నువ్వూ అదే చెప్పు, మా అమ్మకి మామూలు గడ్డ ఉందని కూడా చెప్పు.

ఇక తీయించేసుకోమన్నావు. సగం గ్రంథి తీసేస్తే కొందరికి మిగిలిన సగం సరిపోక జీవితాంతం మాత్ర పడుతుంది. గొంతుకి వెళ్లే నరం గ్రంథి వెనకనుంచే పోతుంది, దానికి దెబ్బ తగిలితే మాట బొంగురుపోతుంది. మంచి చేతిలో అలా జరగడం అరుదే, కానీ సూది పరీక్షలో మంచిదని తేలి, నన్ను ఏ ఇబ్బందీ పెట్టనిదాని కోసం ఆ రిస్కు ఎందుకు తీసుకోవాలి? కత్తి లేకుండా సూదితో వేడి పంపి గడ్డని కుదించే పద్ధతి కూడా ఉంది. ముందు ముందు అవసరమైతే అడుగుతాను. గడ్డ కరగడానికని థైరాయిడ్ మాత్ర ఇచ్చే పాత పద్ధతిని ఇప్పుడు పెద్దగా వాడటం లేదు, లాభం కంటే గుండెకీ ఎముకలకీ వచ్చే ఇబ్బందే ఎక్కువట. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ నాకు 2.3, చక్కగా ఉంది. హార్మోన్ సరిగ్గా ఉండి కూడా గడ్డ ఉండొచ్చు. ఈ సంగతి బంధువులకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, కనబడ్డ ప్రతివాళ్లూ ఏ మాత్ర వేసుకుంటున్నావంటారు.

మరి ఎప్పుడు ఒప్పుకుంటానంటావా? ముద్ద మింగుతుంటే అడ్డుపడినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, జలుబూ దగ్గూ లేకుండా గొంతు మారి అలాగే ఉండిపోయినా, పక్కన ఇంకో బిళ్ల తేలినా, ఉన్నట్టుండి వారాల్లోనే గడ్డ ఉబ్బినా, నువ్వు చెప్పేదాకా ఆగను. నేనే వెళ్లి బల్ల మీద పడుకుంటాను.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అన్నాను కదా, మీరంతా గడ్డ గొంతు నొక్కేస్తోందనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. డాక్టర్ ఒకే ప్రశ్న వేశారు: "ఆయాసం పడుకున్నప్పుడా, నడిచినప్పుడా?" పడుకుంటే హాయిగా ఉంటుందన్నాను. అయితే దీనికీ గడ్డకీ సంబంధం లేదని రక్తపరీక్షకి రాశారు. హిమోగ్లోబిన్ 11.2. ఆడవాళ్లకి 12 ఉండాలి, మరీ అంత తక్కువేం కాదు. ఫెరిటిన్ మాత్రం 9. ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతో చెప్పేది ఫెరిటిన్. 15 కన్నా తగ్గితే నిల్వ ఖాళీ అయినట్టే, చాలామంది డాక్టర్లు 30కి తగ్గినా లోపమనే అంటారు. ఇది జీతం ఖాతా లాంటిది చిన్నీ. రోజువారీ ఖర్చు నడుస్తోంది కదా అని ఊరుకుంటాం, పొదుపంతా ఎప్పుడో ఊడ్చుకుపోయి ఉంటుంది.

అప్పుడు ఒక్కొక్కటే అర్థమయ్యాయి. దువ్వెనకి వచ్చే జుట్టు, రాత్రి పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి కదిపితే తప్ప నిద్ర పట్టకపోవడం, మధ్యాహ్నానికే కళ్లు వాలిపోవడం, ఇంకా నువ్వు వేళాకోళం చేసేదానివే, ఐసు ముక్కలు కరకరా నమలడం! ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు "అమ్మ మొదలెట్టింది" అనేదానివి. అది కూడా ఐరన్ లోపం లక్షణమేనట. మాత్రలు మొదలుపెట్టాక ముందుగా పోయింది ఆ పిచ్చే. ఇప్పుడు ఐసు నా ముందు పెట్టినా చూడబుద్ధి కాదు.

ఎందుకు తగ్గిందంటే, నా నెలసరి సంగతి నీకు తెలుసు. ఈ వయసులో తగ్గాల్సింది పోయి ఎక్కువైంది. అలా పోయే రక్తంతోనే ఐరనూ పోయింది. అయినా అదొక్కటే కారణమని వదిలెయ్యకుండా, కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందా, తిన్నది పేగులు పీల్చుకోవడం లేదా అని కూడా చూశారు. అటువైపు ఏమీ తేలలేదు. నెలసరి ఆగిపోయిన వాళ్లకీ, మగవాళ్లకీ ఐరన్ తగ్గితే ముందు కడుపే చూస్తారట. మీ నాన్నకి చెప్పాను, వింటేగా.

మాత్రల దగ్గర తిప్పలు పడ్డాను. మొదట రోజూ వేసుకోమన్నారు. కడుపులో వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం. నలుపు మాత్ర వల్లేనని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. భరించలేకపోతున్నానంటే రోజు విడిచి రోజుకి మార్చారు. నాకు ఆశ్చర్యమేసింది, తక్కువ వేసుకుంటే ఎక్కువెలా ఒంటబడుతుందని. మాత్ర పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ని పెంచుతుందట. అది ఇరవై నాలుగు గంటల దాకా పేగుల్లో ఐరన్ లోపలికి పోకుండా తలుపేసేస్తుంది. మర్నాడు వేసిన మాత్రలో చాలా భాగం వృథా. ఒక రోజు ఆగితే తలుపు తెరుచుకుంటుంది. అప్పటినుంచి కడుపూ కుదుటపడింది, అంకె కూడా కదిలింది. మాత్రకి అటూ ఇటూ టీ కాఫీలు మానేశాను, కాల్షియం మాత్ర వేరే పూటకి మార్చాను.

ఈ మధ్య పరీక్షలో హిమోగ్లోబిన్ 12.4, ఫెరిటిన్ 22. హిమోగ్లోబిన్ సరైంది కదా అని మాత్రలు ఆపెయ్యకూడదు, నిల్వ నిండాలంటే ఇంకో మూడు నెలలైనా పడుతుంది. అప్పటికీ నిండకపోతే నరం ద్వారా ఎక్కిస్తారు. మెట్లు ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాను. గడ్డ ఎక్కడిదక్కడే ఉంది చూశావా, ఆయాసం మాత్రం పోయింది.

రెండింటికీ బొత్తిగా సంబంధం లేదని కూడా అనను. థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైముకి ఐరన్ కావాలి. అది మరీ తగ్గితే హార్మోన్ తయారీ కుంటుపడుతుంది. కానీ ఐరన్ నిండితే గడ్డ కరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకు. రేపెప్పుడైనా ఆపరేషన్ తప్పకపోతే రక్తం ముందే నిండి ఉండాలి. నువ్వనే తొందరకి అది కూడా ఒక జవాబే.

పిన్నికి నువ్వే ఫోన్ చెయ్యి. థైరాయిడ్ మాత్రా ఐరన్ మాత్రా కలిపి ఒకే గుక్కలో మింగేస్తోంది. రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటబట్టదు. దాని టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతోందో తెలియక డోసు పెంచుకుంటూ పోతున్నారు. నేను చెబితే అక్క పెత్తనమంటుంది.

నా సంగతి విని నువ్వు మెడకి స్కాన్ తీయించుకోవాలనుకుంటున్నావట, నాన్న చెప్పారు. ఏ గడ్డా చేతికి తగలకుండా, ఏ ఇబ్బందీ లేకుండా వద్దు. దక్షిణ కొరియాలో అలాగే ఊరికే అందరికీ స్కాన్లు తీస్తే 1993 నుంచి 2011 లోపల థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి, చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. జీవితాంతం ఏమీ చెయ్యని చుక్కల కోసం ఎంతమంది మెడలు కోయించుకున్నారో! నువ్వు చేయించుకోవాల్సింది హిమోగ్లోబినూ ఫెరిటినూ. రెండూ అడుగు, ఎందుకంటే హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు. నెలనెలా నీకూ ఎక్కువే అవుతుంది, సెలవులకి వచ్చినప్పుడు పది గంటలు పడుకున్నా లేవలేకపోయావు, అది బద్ధకమని నాన్న అన్నారు గానీ నాకు అనుమానంగానే ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నప్పుడు చేయించకు, ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

నా తర్వాతి స్కాన్ వచ్చే ఏడాది. అదే చోట, పాత రిపోర్టులు పట్టుకునే వెళ్తాను. నీ రిపోర్టు ఈ వారంలో రావాలి. ఫొటో తీసి పంపించు. "అంతా నార్మలేనమ్మా" అని మెసేజ్ పెడితే ఒప్పుకోను, నాకు అంకె కావాలి.

ఉంటాను,
అమ్మ