మాంజా విప్పిన పెద్దాయనకు కృతజ్ఞతలు
సంక్రాంతి మరునాడు హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర, రెక్కకు నైలాన్ మాంజా చుట్టుకుని కొట్టుకుంటున్న పావురాన్ని చేతుల్లోకి తీసుకుని, ఏం చేయాలో తోచక దాని నోట్లో నీళ్లు పోయబోతుండగా నన్ను వారించిన పెద్దాయనా, మీకు నా మనఃపూర్వక కృతజ్ఞతలు. అలా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయనీ, పావురం ముక్కు ముంచి తానే పీల్చుకుని తాగుతుందనీ చెప్పి, మీ తువ్వాలుతో దానిని చుట్టి, దారాన్ని లాగకుండా ఒక్కొక్క పోగే కత్తిరించారు. 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించిన ఆ దారం ఎముక దాకా దిగి ఉంది.

పశువైద్యులు గాయానికి కుట్లు వేశారు గానీ, అది ఇక ఎగరజాలదన్నారు. అందుకే మా ఇంట్లోనే ఉంటోంది. మీరు చెప్పినట్లే జొన్నలు, సజ్జలు, పెసలతో పాటు సన్నటి గులకరాళ్లు కూడా పెడుతున్నాను. పళ్లు లేని పక్షికి గింజలు నలిగేది వాటితోనే కదా. ఈకల నుంచి రాలే పొడి మన ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక గదిని రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాను. సాయంత్రం నా గొంతు వినగానే మెడ ఉబ్బించి, గుండ్రంగా తిరుగుతూ కూస్తుంది.

ఆ రోజు మీ పేరు అడగలేకపోయాను. తువ్వాలు ఉతికి దాచాను. ప్రతి ఆదివారం మార్కెట్ గడియారం కింద మీ కోసం చూస్తున్నాను.