దెబ్బలు తిన్న కుక్కలను చేరదీసే పెద్దలకు తోడెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

నిర్లక్ష్యానికి, హింసకు గురైన కుక్కలను ఇంటికి తెచ్చుకుని సాకుతున్న వారిలో అరవై, డెబ్భై ఏళ్లు దాటినవారు ఎందరో ఉన్నారు. వారి విషయంలో రెండు రకాల మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి, "ఈ వయసులో మీకెందుకండీ ఈ తాపత్రయం" అనే మందలింపు. రెండోది, "మీది ఎంత మంచి మనసండీ" అని మెచ్చుకుని చేతులు దులుపుకోవడం. పశువైద్యురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను, ఈ రెండు మాటల వల్లా అటు పెద్దవారికీ, ఇటు కుక్కలకూ నష్టమే జరుగుతోందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను. వారికి అడ్డు చెప్పడమూ వద్దు, పొగడ్తతో సరిపెట్టడమూ వద్దు. ఆ కుక్క బాధ్యతలో కొంత తన మీద వేసుకునే మరో మనిషిని, వయసులో చిన్నవాడిని, వారికి జత చేయాలి.

కుక్క మీద జరిగే హింసలో పైకి కనిపించేది కొంతే. కర్రతో కొట్టడం, వేడినీళ్లు పోయడం, రాళ్లు విసరడం వంటివి జరిగినప్పుడు ఎవరో ఒకరు చూస్తారు, కుక్క అరుపైనా వింటారు. నిర్లక్ష్యం అలా కాదు. కూనగా ఉన్నప్పుడు మెడకు బెల్టు కట్టి, అది పెరుగుతున్నా వదులు చేయకుండా వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ ఆ బెల్టు చర్మాన్ని కోసుకుంటూ మాంసంలోకి దిగిపోతుంది, పైన బొచ్చు కప్పేస్తుంది, దూరం నుంచి చూసేవారికి ఏమీ తెలియదు. దగ్గరికి వెళ్తే కుళ్లిన వాసన వస్తుంది, ఈగలు ముసిరి ఉంటాయి, వేలితో బొచ్చు పాయ తీస్తే మెడ చుట్టూ పురుగులు పట్టిన పుండు కనిపిస్తుంది. మత్తు ఇచ్చి ఆ బెల్టును కోసి తీయాల్సి వచ్చిన కేసులు నా ఉద్యోగ జీవితంలో చూశాను. అలాంటి కుక్కలను మా దాకా తెచ్చినవారు చాలాసార్లు పక్కింట్లోనో ఎదురింట్లోనో ఉండే పెద్దవారే. పగలంతా ఇంటి పట్టున ఉండేది వారు, ఎండలో కట్టేసిన కుక్క ముందు నీళ్ల గిన్నె ఎప్పుడు ఎండిపోయిందో గమనించేదీ వారే. ఇలాంటిది చూసినప్పుడు ఒంటరిగా వెళ్లి యజమానితో గొడవ పడవద్దని, ఏ రోజు ఏ వేళకు ఏం చూశారో రాసి పెట్టి, ఫొటోలతో సహా జంతు సంక్షేమ సంస్థకో పోలీసులకో ఇవ్వడమే మేలని పెద్దలకు మనవి. కోపంతో అన్న మాట మర్నాటికి గాలికి పోతుంది, తేదీ వేసి రాసిన కాగితం మాత్రం అధికారుల ముందు నిలుస్తుంది.

కుక్కను విడిపించడం ఒక్క పూట పని. దానిని బతికించడానికి వారాలు పడుతుంది, పెద్దవారి విలువ తెలిసేది అక్కడే. ఎముకలు తేలిన కుక్కను చూస్తే ఎవరికైనా గిన్నె నిండా అన్నం పెట్టాలనిపిస్తుంది. అదే ప్రాణం మీదికి తెస్తుంది. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం అకస్మాత్తుగా పడిపోతాయి. గుండె లయ తప్పి, తిన్న తర్వాతే కుక్క చనిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే మొదటి రోజుల్లో వైద్యుడు చెప్పిన కొలత ప్రకారం కొంచెం కొంచెంగా, రోజుకు ఐదారుసార్లు పెట్టాలి, పరిమాణాన్ని రోజురోజుకూ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగివచ్చే ఉద్యోగికి ఇది సాధ్యమయ్యే పని కాదు. మందులకు, భోజనానికి గడియారం చూసుకుంటూ బతికే పెద్దవారికి ఇది అలవాటైన క్రమమే, వారి దినచర్యలో అది ఇట్టే ఇమిడిపోతుంది.

భయం విషయంలోనూ ఇంతే. దెబ్బలు తిన్న కుక్క కొత్త మనిషిలో మొదట చూసేది చేతిని. తలమీదుగా చేయి వచ్చినా, ఎదురుగా నిలబడి వంగినా, కళ్లలోకి తేరిపార చూసినా అది మూలకు నక్కుతుంది, లేదా మీదికి వస్తుంది. పక్కకు తిరిగి, కింద కూర్చుని, దాన్ని పట్టించుకోనట్టు ఉంటూ, తనంతట తాను వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం చాలామంది యువకులకు చేతకాదు. రెండు రోజులు చూసి, "ఇది మారదండీ" అని తిరిగి అప్పజెప్పినవారిని చూశాను. నాకు తెలిసిన ఒక పెద్దాయనకు చేతికర్ర లేనిదే అడుగు పడదు. ఆయన తెచ్చుకున్న కుక్క కర్రను చూస్తే చాలు, మంచం కిందికి దూరి మూత్రం పోసుకునేది. ఆయన ఏం చేశారంటే, కర్రను గది మధ్యలో నేలమీద పడుకోబెట్టి, దానికి కాస్త దూరంలో తిండి గిన్నె పెట్టి, తాను కుర్చీలో కూర్చుని పేపరు పైకి చదివేవారు. గిన్నెను పూటపూటకూ ఓ బెత్తెడు కర్ర వైపు జరిపేవారు. కొన్ని వారాలకు ఆ కుక్క కర్రను వాసన చూసింది, ఆ తర్వాత దాన్ని దాటి వెళ్లి తిన్నది. ఇంకొన్నాళ్లకు కర్ర చేతపట్టుకుని నడుస్తున్న ఆయన పక్కనే నడవడం మొదలుపెట్టింది. ఆ పనికి ఆయన పెట్టిన ఖర్చు ఏమీ లేదు, పెట్టినదంతా తన పగటిపూటల కాలమే.

ఇంత చేయగలవారిని వయసు చూసి తిప్పిపంపే సంరక్షణ కేంద్రాలు ఉండడం నాకు బాధ కలిగిస్తుంది. కుక్క మనిషి కంటే ఎక్కువ కాలం బతికితే ఎలా అన్నది వారి భయం. ఆ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. కానీ చిన్న జాతుల కుక్క పన్నెండు నుంచి పదిహేనేళ్లు, బాగా పెద్ద జాతులది ఎనిమిది నుంచి పదేళ్లు బతుకుతుందన్న సంగతి అందరికీ తెలిసిందే. కేంద్రాల్లో ఎవరూ ఎంచుకోక ఏళ్లతరబడి మిగిలిపోయేవి సరిగ్గా ఎనిమిదేళ్లు, పదేళ్లు నిండిన కుక్కలే. మూతి నెరిసి, కీళ్లు పట్టేసి, రోజుకు రెండుసార్లు మెల్లగా నడిస్తే చాలనుకునే అలాంటి కుక్కకు, డెబ్భై ఏళ్ల మనిషి ఇంటి కంటే తగిన చోటు ఏముంటుంది? శాశ్వతంగా ఇవ్వడానికి సందేహం ఉంటే, చట్టపరమైన బాధ్యత, వైద్య ఖర్చు సంస్థే భరిస్తూ, కోలుకునేవరకు పెద్దవారి ఇంట్లో ఉంచే తాత్కాలిక పద్ధతి ఉండనే ఉంది.

పెద్దవారికి దీనివల్ల కలిగే మేలు గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్వీడన్‌లో 40 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 34 లక్షల మంది రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. కుక్క ఉన్నవారిలో మరణాల ముప్పు తక్కువగా కనిపించిందని, ఒంటరిగా ఉండేవారిలో ఆ తేడా మరింత స్పష్టంగా ఉందని అందులో తేలింది. కుక్క వల్లే ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యంగా ఉన్నవారే కుక్కను పెంచుకున్నారా అన్నది ఇలాంటి లెక్కలతో నిర్ధారణ కాదు కాబట్టి, దీన్ని మందు చీటీలా చూపించి ఎవరికీ కుక్కను అంటగట్టకూడదు. పొద్దున్నే లేవడానికి ఒక కారణం, నడవడానికి ఒక తోడు, వీధిలో నలుగురితో మాట్లాడడానికి ఒక సందర్భం దొరుకుతాయన్నది మాత్రం కళ్లెదుట కనిపించే విషయమే.

ప్రమాదాలను దాచిపెట్టి రాస్తే ఈ లేఖకు అర్థం ఉండదు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక బతికి బయటపడడం దాదాపు అసాధ్యం. కొత్త కుక్క కరిచినా, గీరినా, గాయం చిన్నదే కదా అని పసుపు అద్ది ఊరుకోకుండా, వెంటనే సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల ఇంజెక్షన్, కూడా అవసరమవుతుంది. తరచూ ఇలాంటి కుక్కలను పట్టుకునేవారు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవచ్చు, అలా వేయించుకున్నా కరిచిన తర్వాత మళ్లీ వైద్యుణ్ని చూడక తప్పదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి, మధుమేహం ఉన్నవారికి చిన్న గాటు కూడా పెద్ద సమస్య అవుతుంది. వినికిడి తగ్గినవారికి కుక్క గుర్రుమనడం వినిపించకపోవచ్చు. ఆ గుర్రు కుక్క ఇచ్చే ముందస్తు హెచ్చరిక, దాన్ని తిట్టి మాన్పిస్తే తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

పడిపోవడం అంతకంటే సాధారణంగా జరిగే ప్రమాదం. అమెరికాలో 65 ఏళ్లు పైబడినవారు లీష్ (నడిపించేటప్పుడు పట్టుకునే తాడు) కట్టిన కుక్కను నడిపిస్తూ ఎముకలు విరిగి అత్యవసర విభాగాలకు చేరిన కేసులు 2004లో సుమారు 1,670 ఉండగా, 2017 నాటికి 4,400 దాకా పెరిగాయని 2019లో వచ్చిన ఒక వైద్య అధ్యయనం తెలిపింది. వారిలో నాలుగింట మూడు వంతులకు పైగా మహిళలే. లీష్‌ను మణికట్టుకు చుట్టుకోకపోవడం, మెడకు కాకుండా ఛాతీకి పట్టీ వేసి నడిపించడం, తన బలానికి మించిన కుక్కను నడిపించే పని మరొకరికి వదిలేయడం వంటి జాగ్రత్తలు తీసుకుంటే ఈ ముప్పు చాలా తగ్గుతుంది. అయితే ఆ "మరొకరు" ఎవరన్నదే నా ప్రశ్న.

ఆ మరొకరు లేకపోవడం వల్ల జరిగేది చూడండి. ఆపరేషన్ చేయించుకోవాల్సిన పెద్దవారు, కుక్కను ఎక్కడ వదలాలో తెలియక తేదీని వాయిదా వేస్తూ పోతారు. ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఎవరికీ చెప్పరు, చెబితే ఆసుపత్రిలో చేర్చేస్తారని, ఇంట్లో మూగజీవం ఆకలితో ఉంటుందని వారి దిగులు. అలా ఆలస్యం చేసి ఆసుపత్రి పాలైనవారి కుక్కలు, తాళం వేసిన ఇంట్లో రెండు మూడు రోజులు మొరిగి మొరిగి గొంతు పోయిన స్థితిలో మా దగ్గరికి వచ్చేవి. ఒకసారి నరకం చూసి బయటపడిన కుక్కకు మళ్లీ అదే స్థితి రావడం కంటే అన్యాయం లేదు. దూరాన ఉన్న పిల్లలు ఫోను చేసి "ఆ కుక్కను ఎవరికైనా ఇచ్చేయమ్మా" అనడం తేలిక. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు దాన్ని ఎవరు చూస్తారో ముందే కుదిర్చి పెట్టడం అంతకంటే పెద్ద కష్టమైన పనేమీ కాదు.

మరో సంగతి కూడా చెప్పాలి. ఒకటి రెండు కుక్కలతో మొదలుపెట్టి, కాదనలేక పది, ఇరవై దాకా చేర్చుకుని, తిండికీ వైద్యానికీ చాలక, కాపాడిన ఇంట్లోనే కుక్కలు మళ్లీ నిర్లక్ష్యానికి గురైన సందర్భాలూ ఉన్నాయి. వారిని తప్పుపట్టే ముందు ఒకటి ఆలోచించాలి. గేటు ముందు రాత్రిపూట అట్టపెట్టెలో కూనలను వదిలి వెళ్లేది చుట్టుపక్కల వారే. "ఆవిడ చూసుకుంటారులే" అన్న ధీమాతో తమ బరువును ఒక వృద్ధురాలి నెత్తిన పెట్టేసి, ఆ తర్వాత వాసన వస్తోందని ఫిర్యాదు చేసేదీ వారే. ప్రతి కుక్కకూ ఆపరేషన్ చేయించి సంతానం కలగకుండా చూడడం, ఇన్నింటికి మించి తీసుకోనని గట్టిగా చెప్పడం అవసరం. అలా కాదన్నప్పుడు ఆ పెద్దవారిని పాషాణహృదయులని అనకుండా ఉండడం కూడా అంతే అవసరం.

కాబట్టి జంతు సంక్షేమ సంస్థల నిర్వాహకులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. దత్తత దరఖాస్తులో వయసు చూసి పక్కన పెట్టే పద్ధతిని మానేయండి. దాని బదులు, ఆసుపత్రి పాలైనా, మరణించినా కుక్కను వెంటనే తీసుకెళ్లే మనిషి పేరు, ఫోను నంబరు, సంతకం అడగండి. అలాంటి మనిషి లేని పెద్దవారికి మీ కార్యకర్తల్లో ఒకరిని కేటాయించండి. వారానికి ఒకసారి వచ్చి, కుక్కకు గోళ్లు కత్తిరించి, స్నానం చేయించి, బరువు చూసి వెళ్లే కార్యకర్తకు ఆ కుక్క అలవాటైపోతుంది, అవసరం వచ్చిన నాడు భయపడకుండా అతని వెంట వెళ్తుంది. కుక్క ఏం తింటుందో, ఏ మందు ఏ పూట వేయాలో, దేనికి భయపడుతుందో రాసిన ఒక కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించి, ఇంటి తాళంచెవి ఒకటి ఆ కార్యకర్త దగ్గర ఉంచమని పెద్దవారికి చెప్పండి. ఈ పేజీ చదువుతున్న యువతీయువకుల్లో ఎవరి పక్కింట్లోనైనా ఇలాంటి పెద్దవారు ఉంటే, ఆ కాగితం మీద తమ నంబరు రాయమని వారే వెళ్లి అడగాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
పదవీ విరమణ పొందిన ఒక పశువైద్యురాలు