రెండో కెమెరా ఏం చేస్తుందో చూసి కొనుక్కో

అమ్మలూ,

మొదటి జీతంతో ఫోన్ కొంటున్నానని, వెనకాల రెండు కెమెరాలుంటే ఫొటోలు నిజంగా బాగా వస్తాయా అని నిన్న అడిగావు. స్టూడియోలో జనం ఉండటంతో సరిగ్గా చెప్పలేకపోయాను.

బాగా రావచ్చు. కానీ ఆ రెండోది ఏం పని చేస్తుందో ముందు తెలుసుకో. 2016లో వచ్చిన ఐఫోన్ 7 ప్లస్‌లో మొదటిది 28 ఎంఎం లెన్స్, రెండోది 56 ఎంఎం. ఆ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది, అంటే 56 రెండింతలు దగ్గరగా చూపిస్తుంది. ఆ 56 విలువ నాకు బాగా తెలుసు. మామూలు ఫోన్‌తో మొహం నిండుగా రావాలంటే మనిషికి బాగా దగ్గరగా వెళ్లాలి. అప్పుడు ముక్కు లావుగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి 56తో తీస్తే, మనిషి మనం రోజూ చూసినట్టే ఉంటుంది. నేను స్టూడియోలో ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే. అదే ఏడాది హువావే పీ9లో రెండోది బ్లాక్ అండ్ వైట్ కెమెరా, ఎల్‌జీ జీ5లో వెడల్పుగా తీసేది. అన్నిటినీ డ్యూయల్ కెమెరా అనే అన్నారు.

చవక ఫోన్లలో చాలావాటికి రెండోది 2 మెగాపిక్సెల్ డెప్త్ కెమెరా. అది విడిగా ఫొటో తీసేది కాదు, దూరం అంచనా వేయడానికి పెట్టింది. మొన్న మీ పిన్ని కొత్త ఫోన్ తెస్తే, ఆ రెండో కన్నుకి వేలు అడ్డం పెట్టి, మనిషి వెనకంతా మసకగా (బ్లర్) చేసే పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశాను. వెనక బ్లర్ అలాగే వచ్చింది! గూగుల్ 2017లోనే పిక్సెల్ 2 వెనక ఒక్క కెమెరాతో ఆ బ్లర్ తెప్పించింది.

మనిషి అంచు ఎక్కడుందో ఫోన్ అంచనా వేసి మసక చేసే ఆ బ్లర్ చూస్తే నాకు బాధగా ఉంటుంది తల్లీ. ఇంట్లో పెద్దవాళ్లు పోయాక ఫోన్ పట్టుకొచ్చి, దండ వేయడానికి ఫొటో పెద్దది చేయమంటారు. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది. పెద్దది చేస్తే జుట్టు అంచులు చెరిగిపోయి, జడలో పూలు సగం కరిగిపోయి, ఒక జుంకీ కనబడకుండా ఉంటుంది. పోయిన జుంకీని నేనెక్కడి నుంచి తేను? అమ్మమ్మని తీసేటప్పుడు మాత్రం పోర్ట్రెయిట్ మోడ్ పెట్టకు. పొద్దున్నే వీధి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి మామూలుగా తియ్యి.

ఇంకో మాట. ఆ 7 ప్లస్‌లో మొదటి లెన్స్ ఎఫ్/1.8, రెండోది ఎఫ్/2.8, అంటే వెలుతురు తక్కువ తీసుకుంటుంది. అందుకే చీకటి పడితే 2ఎక్స్ (రెండింతల జూమ్) నొక్కినా ఫోన్ మొదటి కెమెరాతోనే తీసి, మధ్యభాగం కత్తిరించి ఇస్తుంది. కాబట్టి డబ్బు మొదటి కెమెరా మీద పెట్టు. సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) పెద్దదిగా, చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఓఐఎస్ ఉన్నది చూడు. ఆ తర్వాత 2ఎక్స్ లెన్స్ కూడా ఉంటే తప్పకుండా తీసుకో.

కొనేముందు షాపులో వెలుతురు తక్కువున్న మూల నిలబడి రెండు ఫొటోలు తీసి పంపు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పెట్టు, లేకపోతే కుదించేస్తుంది. ఇక్కడ పెద్ద మానిటర్ మీద చూసి వెంటనే ఫోన్ చేస్తాను.

నాన్న