వార్షిక నివేదిక 2024–25: మూడు బల్లలకూ ఒకే నిబంధన

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక సమర్పించాలన్న నియమం ప్రకారం, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు అంతరిక్ష కథల్లో పాత్రలు ధరించి పాచికలతో సాగించే ట్రావెలర్ ఆట ఆడుకునే మన సంఘం చేసిన పనిని మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా కృతజ్ఞతలు. బైరాగిపట్టెడలో తమ ఇంటి మేడమీది గదిని ఈ ఏడాది కూడా అద్దె తీసుకోకుండా ఇచ్చిన మన గౌరవాధ్యక్షులకు, ప్రతి ఆదివారం నాలుగింటికల్లా టీ పంపిన వారి శ్రీమతికి, పాత్ర పత్రాలను (ఆటలో ఒక్కొక్కరి పాత్ర నైపుణ్యాలు, అంకెలు రాసుకునే కాగితాలను) కాగితం ఖర్చుకే అచ్చు వేసి ఇచ్చిన బాలాజీ కాలనీ జిరాక్సు దుకాణం వారికి, చంద్రగిరి నుంచి బస్సులో వచ్చి ఒక్క వారం కూడా మానని ఇద్దరు విద్యార్థి సభ్యులకు సంఘం రుణపడి ఉంది. వేసవిలో గది ఫ్యాను కాలిపోతే మర్నాడే కొత్తది బిగించిన కోశాధికారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఇక అసలు విషయం. మనం ఆడే ట్రావెలర్ 1977లో అమెరికాలో మార్క్ మిల్లర్ రూపొందించిన ఆట. బల్ల అంటే మన దగ్గర ఒక ఆట జట్టు. మొదటి బల్ల ఆ పాత చిన్న పుస్తకాలతో, రెండో బల్ల 2008లో మాంగూస్ అనే సంస్థ తెచ్చిన కూర్పుతో, విద్యార్థుల బల్ల అదే సంస్థ 2022లో సవరించిన కూర్పుతో ఆడుతున్నాయి. ఎవరి బల్ల దగ్గర వారు కూర్చున్నంత కాలం ఇబ్బంది కనపడలేదు. పాత్రలు ఒక బల్ల నుంచి మరో బల్లకు వెళ్లడం మొదలయ్యాక తెలిసింది, ఒకే పేరున్న నైపుణ్యానికి మూడు చోట్లా ఒకే విలువ లేదని.

జులైలో ఒక సాయంత్రం మొదటి బల్ల సభ్యురాలు తన ఇంజనీరు పాత్రతో విద్యార్థుల బల్లకు వెళ్లారు. దెబ్బతిన్న ఓడ నుంచి పక్క ఓడకు తాడు లేకుండా దూకాలి. ఆ పాత్రకు స్పేస్‌సూటు నైపుణ్యం 2వ స్థాయిలో ఉంది. పాచికలు వేస్తే రెండు, మూడు పడ్డాయి. నైపుణ్యం కలిపితే 7. ఎనిమిది కావాలన్నాడు ఆట నడిపే రిఫరీ. పాత్ర శూన్యంలోకి కొట్టుకుపోయిందని ప్రకటించాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పాత్ర పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆరు వారాలు రాలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. 1977 పుస్తకంలో స్పేస్‌సూటుతో ప్రమాదకరమైన పని చేయాలంటే 10 పడాలి, కానీ నైపుణ్యం ఒక్కో స్థాయికీ 4 కలుస్తుంది. రెండో స్థాయికి 8 కలిసినప్పుడు రెండు పాచికల మీద కనిష్ఠంగా పడే 2 కూడా సరిపోతుంది, ఓటమి అన్నదే ఉండదు. కొత్త కూర్పులో 8 పడాలి, స్థాయికి ఒక్కటే కలుస్తుంది. అప్పుడు 36 అవకాశాల్లో 26 మాత్రమే గెలుపు. అసలు నైపుణ్యమే లేనివారికి పాత పద్ధతిలో 36లో 6 అవకాశాలుంటే, 3 తీసివేసే కొత్త పద్ధతిలో 3 మాత్రమే మిగులుతాయి. ఆట పుట్టినప్పుడు ఒక్కో నైపుణ్యానికి ఒక్కో లెక్క ఉండేది. అన్నిటికీ ఒకే కొలమానం తర్వాతి కూర్పుల్లో వచ్చింది. మన మూడు బల్లలూ ఆ మార్పుకు అటొకటి, ఇటొకటిగా ఉండిపోయాయి.

ఆగస్టులో ఐదుగురితో నిబంధనల ఉపసంఘం వేశాం. డిసెంబరు చివరి వరకు 14 సార్లు కూర్చున్నాం. ముగ్గురు ప్రతిసారీ వచ్చారు. మిగిలిన ఇద్దరు పేరు రాయించుకుని ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. బ్రహ్మోత్సవాల రద్దీ అని ఒకరు కబురు పంపారు. ఈ ఊళ్లో ఆ రద్దీ అందరికీ ఉంటుంది. వచ్చిన ముగ్గురిలో ఒకరు ఆ తొమ్మిది రోజులూ కొండపైన శ్రీవారి సేవ చేస్తూనే రాత్రి పదింటికి ఫోనులో లెక్కలు సరిచూశారు. రాలేనివారు ముందే ఆ మాట చెబితే మరొకరికి అవకాశం ఇచ్చేవాళ్లం. ఇది బాధతో రాస్తున్నాను.

కుదిరిన నిర్ణయాలివి. కొలమానం కొత్త కూర్పుదే: రెండు పాచికలు, నైపుణ్యం, శరీర లేదా బుద్ధి లక్షణం వల్ల వచ్చే సవరణ అంకె కలిపి 8 రావాలి. పని తేలికైతే 6, కష్టమైతే 10. అయితే పాత పుస్తకంలోని ఒక మంచి సంగతిని వదులుకోలేదు. అందులో స్పేస్‌సూటుతో పొరపాటు జరిగితే వెంటనే చావు రాదు. సర్దుకోవడానికి 7 మీద ఇంకో అవకాశం ఉంటుంది, నేర్చినవారికి స్థాయికి 2 కలుస్తుంది, నేర్వనివారికి 4 తగ్గుతుంది. జులైలో ఈ రెండో అవకాశం ఇచ్చి ఉంటే ఆ ఇంజనీరు 3 పడినా ఓడ అంచు పట్టుకునేది. ఇకపై ప్రాణం మీదికి వచ్చే ప్రతి వైఫల్యానికీ మూడు బల్లల దగ్గరా ఈ అవకాశం ఉంటుంది. మామూలు పనికి, తొందర లేనప్పుడు, 2వ స్థాయి ఉన్నవారిని పాచికలు వేయమని అడగకూడదు. ఏళ్ల తరబడి ఆడి సంపాదించుకున్న నైపుణ్యాన్ని ఏ బల్ల దగ్గరైనా గౌరవించాలన్నదే మా ఉద్దేశం.

ఎక్కువ వాదన జరిగింది ఇంజనీరు నైపుణ్యం మీద. పాత పాత్రలకు అది ఒకటే. కొత్త కూర్పులో చోదక యంత్రం, నక్షత్రాల మధ్య దూకించే జంప్ యంత్రం, ప్రాణాధార వ్యవస్థ, విద్యుత్తు అని నాలుగు శాఖలు. పాత 2వ స్థాయిని నాలుగింటికీ ఇస్తే విద్యార్థులకు అన్యాయం, ఒక్కదానికే ఇస్తే పాతవారికి నష్టం. చివరికి ఆటగాడు కోరిన ఒక శాఖలో పూర్తి స్థాయి, మరొక దానిలో 1, మిగిలినవాటిలో సున్నా అని తేల్చాం. ఇది పుస్తకంలో లేదు, మనం చేసుకున్న సర్దుబాటు. సకలకళా నైపుణ్యం, అంటే ఏ పనైనా కొంత చేయగలగడం, ఆ పని నేర్వనందుకు పడే 3 తగ్గింపును స్థాయికి ఒకటి చొప్పున మాన్పుతుంది తప్ప సున్నాకు మించి లాభం ఇవ్వదని స్పష్టం చేశాం. ఒక పాత్రకు ఉండగల నైపుణ్య స్థాయిల మొత్తం పరిమితి మీద మాత్రం ఒప్పందం కుదరలేదు. 1981 ముద్రణలో అది బుద్ధి, చదువు అంకెల కూడిక, కొత్తదానిలో ఆ కూడికకు మూడు రెట్లు. ఈ అంశాన్ని సమావేశంలో ఓటుకు పెడతాం.

మన ఏడాదికి తలమానికం ఫిబ్రవరి 2 ఆదివారం జరిపిన ఒకరోజు ఆట. మూడు బల్లల వారినీ కలిపి కొత్త నిబంధనలతో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఆడాం. అంతకు నాలుగు రోజుల ముందు, జనవరి 29న, మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగం జరిగింది. రాకెట్టు తన పని చక్కగా చేసింది. కానీ ఎన్‌వీఎస్-02 నావిగేషన్ ఉపగ్రహంలో ఇంధనాన్ని మండించే ఆక్సిడైజర్ పంపే కవాటాలు తెరుచుకోలేదని, కక్ష్య పెంచలేకపోయామని సరిగ్గా మన ఆట రోజునే ఇస్రో ప్రకటించింది. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, అక్కడ మన ఇంజనీరు ఉంటే ఏ శాఖ మీద పాచికలు వేయాలని అడిగింది. ముప్పావు గంట చర్చ జరిగింది. చేయి చేరని చోట, పనిముట్టు లేని చోట ఎంత నైపుణ్యం ఉన్నా పాచికలు వేయరాదన్న నిబంధన ఆ చర్చలోనే పుట్టింది, ఆ అమ్మాయి దస్తూరీతోనే మన పుస్తకంలోకి ఎక్కింది. జులైలో వెళ్లిపోయిన సభ్యురాలు ఆ రోజు అదే మడతల కాగితంతో వచ్చి పక్కన కూర్చున్నారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజుకు పెద్ద హాలు కావాలని సంబంధిత కార్యాలయానికి మూడు దరఖాస్తులు పెట్టాం. పాచికలంటే జూదమా అని అడిగారు. పుస్తకాలు తీసుకెళ్లి చూపించాం, జవాబు రాలేదు. నలభై మంది ఆ మేడమీది గదిలోనే, మెట్ల మీదా సర్దుకున్నారు. పులిహోర, దద్దోజనం చేసి తెచ్చిన ఐదు కుటుంబాలకు నమస్కారాలు.

ఖాతాలు కోశాధికారి సరిచూసి సంతకం చేశారు, ప్రతులు సమావేశంలో పంచుతారు. చందా బకాయి ఉన్నవారు అప్పటిలోగా చెల్లించగలరు.

పాత పాత్ర పత్రాలను కొత్త లెక్కలోకి మార్చే పని మిగిలింది. ప్రతి బల్ల నుంచి ఇద్దరు కావాలి, వరుసగా నాలుగు ఆదివారాలు తప్పక రాగలవారే పేర్లు ఇవ్వాలి. పత్రంతో పాటు పెన్సిలు, రబ్బరు తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి