కందిరీగ కుట్టిన రోజు నాన్నని కాపాడిన మీ అందరికీ

మా నాన్నగారు ఇప్పుడు బాగున్నారు. కాఫీలో పంచదార తక్కువైందని అమ్మ మీద విసుక్కుంటున్నారు కూడా. ఫోన్లు చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

'ఒక్క కందిరీగకే అంత హడావుడా' అని కొందరు అడిగారు. పశువుల చావిడి చూరులో గూడు ఉంది. మెడ మీద కుట్టింది ఒక్కటే. కిందటేడు కూడా కుట్టింది, అప్పుడు చెయ్యి వాచి తగ్గిపోయింది. ఈసారి ముందు అరచేతులు దురద, వెంటనే ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, గొంతు బొంగురు. చూస్తుండగానే అరుగు మీద కూలబడిపోయారట. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారట, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ.

ముందుగా పక్కింటి తమ్ముడికి కృతజ్ఞతలు. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్దామని అందరూ అంటుంటే, అతను పీహెచ్‌సీ నర్సమ్మగారికి ఫోన్ కలిపాడు. "కూర్చోబెట్టొద్దు, నిలబెట్టొద్దు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, వాంతి అయితే పక్కకి తిప్పండి" అన్నారావిడ. బీపీ పడిపోయిన మనిషిని ఒక్కసారిగా లేపితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉందట. టాటా ఏస్‌లో గడ్డి పరిచి పడుకోబెట్టి పీహెచ్‌సీకి తెచ్చారు.

ఇక నర్సమ్మగారికీ, డ్యూటీ డాక్టరుగారికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పై బీపీ 70 ఉంది. డాక్టరుగారు అడ్రినలిన్ ఇంజక్షన్ (పడిపోయిన బీపీని లేపే మందు) అనగానే వెంట వచ్చినవాళ్లలో ఒకాయన "గుండెకి మాత్రలు వాడే మనిషి, అది వద్దు, ఎవిల్ (దురద, దద్దుర్లకి ఇచ్చే అలర్జీ మందు) చేసి చూడండి" అని అడ్డుపడ్డారు. ఆయన భయం ఆయనది. నర్సమ్మగారు వాదన పెట్టుకోలేదు. లుంగీ పక్కకి తీసి తొడ బయటి వైపు కండలోకి అర మిల్లీగ్రాము ఇచ్చేశారు. ఎవిల్ దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తుందే తప్ప పడిపోయిన బీపీని లేపదని, ఇలాంటప్పుడు ఆలస్యమే అసలు ప్రమాదమని డాక్టరుగారు తర్వాత మాకు చెప్పారు. నాన్న వాడే బీపీ మాత్ర అటెనలాల్, అడ్రినలిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వదట. అందుకే అయిదు నిమిషాలు చూసి రెండో డోసు కూడా ఇచ్చారు. ఆ తర్వాతే నాన్న కళ్లు తెరిచి "ఇంజక్షన్ తొడకి చేశారేంటి" అని అడిగారు!

108 సిబ్బంది దారంతా ఆక్సిజన్, సెలైన్ చూసుకుంటూ పెద్దాసుపత్రికి చేర్చారు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చని రాత్రంతా అక్కడే ఉంచారు.

అక్కడి డాక్టరుగారు ఓపిగ్గా ఇంకో మాట చెప్పారు. పిల్లల్లో ఇది ఎక్కువగా తిండి వల్ల వస్తుందట. పెద్దవాళ్లలో మాత్రం మందులు, కందిరీగ, తేనెటీగ కాట్లు ముందుంటాయట. మందులంటే ముఖ్యంగా నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్. రొయ్యలూ పీతలూ పడనివాళ్లూ ఉంటారు. వయసు పైబడినవాళ్లకీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకీ తీవ్రంగా వస్తుంది. ఒక్కోసారి దద్దుర్లే లేకుండా నేరుగా బీపీ పడిపోతుందట, నాకు అన్నిటికన్నా భయం వేసింది ఈ మాటకే. మీ ఇంట్లో ఎవరికైనా ఏ మాత్రైనా పడకపోతే దాని పేరు చీటీ మీద రాసి జేబులో ఉంచండి. నాన్న బీపీ మాత్ర మార్చే సంగతి గుండె డాక్టరుగారు చూస్తున్నారు. అలర్జీ పరీక్షలు కొన్ని వారాలు ఆగాక చేస్తారట.

చూరులోని గూడు తీయించేశాం. అన్నట్టు, ఆ రోజు నాన్న తల కింద పెట్టిన ఎర్ర గళ్ల తువ్వాలు, ఒక స్టీలు మరచెంబు మా ఇంట్లో ఉండిపోయాయి. ఎవరివో చెబితే అమ్మ పంపిస్తుంది.